శాలువా కండువా అయినా పేరు పాలియమే

పాలియం అంటే లాటిన్‌లో ఒంటికి చుట్టుకునే పైబట్ట. నిజానికది గ్రీకుల ఉడుపు, వాళ్ల భాషలో హిమాటియన్. రోమ్ పౌరుడికి టోగా ఎలాంటిదో గ్రీకు తత్త్వవేత్తకు అది అలాంటిది. కార్తేజ్ క్రైస్తవ రచయిత టెర్టూలియన్ మూడో శతాబ్దం తొలినాళ్లలో టోగా విడిచి పాలియం కప్పుకున్నాడు. ఊళ్లోవాళ్లు తప్పుపడితే, ‘దె పాలియో’ అని ఏకంగా ఒక పుస్తకమే రాసి జవాబిచ్చాడు. ఆ పైబట్ట పేరు ఇవాళ రెండు చోట్ల బతికి ఉంది. ఒకటి పోపు, అగ్రపీఠాధిపతుల భుజాల మీద, రెండోది వెన్నెముక ఉన్న జీవుల మెదడులో. రెండు చోట్లా శాలువా రూపం చెదిరిపోయింది, పేరు మాత్రం నిలిచింది. ఒక వస్తువు ఎలా కనిపిస్తుందన్న దానికన్నా ఎక్కడి నుంచి వచ్చిందన్నదే ఈ పేరుకు ఆధారమని నా వాదన.

ముందు చర్చి సంగతి చూద్దాం. ఇటలీలోని రవెన్నాలో, శాన్ వితాలే చర్చి గోడ మీది ఆరో శతాబ్దపు మొజాయిక్‌లో జస్టీనియన్ చక్రవర్తి పక్కన బిషప్ మాక్సిమియన్ నిలబడి ఉంటాడు. అప్పటికే ఆయన పాలియం భుజాల చుట్టూ వేసుకున్న తెల్లని పొడవాటి పట్టీ. ఇప్పటిది ఇంకా సన్నబడి మెడ చుట్టూ వలయంలా మారింది. ముందొక కొస, వెనకొక కొస, మీద ఆరు నల్ల సిలువలు, అంతే. మన లెక్కలో శాలువా కండువా అయిందన్నమాట. దాని నేతకు జనవరి 21న, పునీత ఆగ్నెస్ పండుగ నాడు ఆశీర్వదించిన గొర్రెపిల్లల ఉన్ని వాడతారు. జూన్ 29న, పేతురు పౌలుల పండుగ నాడు పోపు ఆ పాలియాలను ఆశీర్వదిస్తారు. కొత్త అగ్రపీఠాధిపతి మూడు నెలల్లోగా దాన్ని కోరాలి. తన పరిధిలోని ప్రాంతం దాటితే ధరించకూడదు. మరో అగ్రపీఠానికి బదిలీ అయితే పాతది చెల్లదు, కొత్తది కావాలి. హైదరాబాద్, విశాఖపట్నం అగ్రపీఠాధిపతులకూ ఇదే నియమం. చర్చి పట్టీకి గ్రీకు శాలువాతో సంబంధం లేదని, అది రోమన్ అధికారుల హోదా చిహ్నం నుంచి పుట్టిందని కొందరు పండితులు అంటారు. ఆ మాటలో బలం ఉంది. అయినా పై నియమాలు చెప్పేదేమిటి? అదే ఉన్నితో, అదే కొలతల్లో మరెవరో నేసి ఇచ్చిన పట్టీ పాలియం కాదు. రోమ్ నుంచి వస్తేనే దానికి ఆ పేరు.

మెదడులో ఈ నిజం తెలిసిరావడానికి వంద ఏళ్లు పట్టింది. మన పెద్ద మెదడు పైభాగం కింది భాగాలను కప్పేసి ఉంటుంది కనుక శరీర నిర్మాణ శాస్త్రజ్ఞులు దాన్ని పాలియం అన్నారు. క్షీరదాల్లో అది చాలావరకు పొరలు పొరలుగా పరుచుకుంటుంది, కాబట్టి బట్టతో పోలిక చక్కగా కుదిరింది. పక్షి మెదడులో అలాంటి పొరలు కనబడలేదు, ముద్దలాంటి కణసమూహాలు కనిపించాయి. జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ ఎడింగర్, ఆయన బాటలో నడిచినవారు ఆ ముద్దలో ఎక్కువ భాగాన్ని స్ట్రయాటంగా లెక్కవేశారు. స్ట్రయాటం అంటే చారలది. మెదడు అడుగున ఉండే ఆ భాగం సహజాతాలకు నెలవని వారి నమ్మకం. నియోస్ట్రయాటం, ఆర్కిస్ట్రయాటం లాంటి పేర్లు పుస్తకాలకెక్కాయి. పక్షికి ఆలోచించే భాగం దాదాపు లేదన్న తీర్పు ఆ పేర్లలోనే దాగి ఉంది. 1960ల నుంచి హార్వీ కార్టెన్ వంటివారు పావురం మెదడులో నాడీ మార్గాలను వెతికారు. కంటి నుంచి, చెవి నుంచి బయలుదేరిన సమాచారం మనలో మెదడు పైపొర అయిన కార్టెక్స్‌కు చేరినట్టే అక్కడ ఆ ముద్దలకు చేరుతోంది. పిండ దశలో చూసినా అవి ముందు మెదడు గోడ పైభాగం నుంచే, అంటే పాలియం నుంచే పుడుతున్నాయి.

పేరు ఒట్టి చీటీ, అది మారినంత మాత్రాన మెదడు మారుతుందా అని ఎవరైనా అడగవచ్చు. మెదడు మారదు, దాన్ని చూసే కన్ను మారుతుంది. స్ట్రయాటం అన్న చీటీ ఉన్నంతకాలం కాకి తెలివి ఒక వింత, వివరణ అందని మినహాయింపు. పాలియం అని ఒప్పుకున్నాక అది పరిశోధించదగ్గ ప్రశ్న అయింది. 2016లో వెలువడిన లెక్క ప్రకారం కాకి జాతి పక్షులు, పెద్ద చిలుకల ముందు మెదడులోని న్యూరాన్లు, తమకన్నా చాలా పెద్ద మెదడున్న కోతులతో సమానంగానో అంతకన్నా ఎక్కువగానో ఉన్నాయి. అసలు చర్చి పాలియానికీ మెదడు పాలియానికీ పోలిక యాదృచ్ఛికం కదా అన్నది మరో అభ్యంతరం. నిజమే, శాస్త్రజ్ఞులు గురువుల పూజా వస్త్రాన్ని చూసి పేరు పెట్టలేదు, పాత లాటిన్ మాటనే తీసుకున్నారు. కానీ కప్పేదాన్ని బట్టతో పోల్చడం ఏ భాషకైనా సహజమే. మనం కార్టెక్స్‌ను వల్కలం అంటున్నాం. వల్కలమంటే చెట్టు బెరడు, మునులు కట్టే నారబట్ట కూడా. ఆ పోలికలో ప్రాణం ఉంది, ప్రమాదమూ ఉంది. బట్టంటే పొరగా పరిచిందే అయి ఉండాలన్న పట్టుదలే పక్షులకు వంద ఏళ్లు అన్యాయం చేసింది.

2002లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన శాస్త్రవేత్తలు ఆ తప్పును దిద్దుకున్నారు. 2004లో కొత్త పేర్లు అచ్చయ్యాయి. పావురం, కాకి, చిలుక మెదళ్లలో నియోస్ట్రయాటం ఇప్పుడు నిడోపాలియం, ఆర్కిస్ట్రయాటం ఆర్కోపాలియం.