దయ్యం పెట్టెకు రశీదు ఏది?

కిందటి సంక్రాంతి సెలవులకు మా మనవడు హైదరాబాదు నుండి కె.గంగవరం వచ్చినప్పుడు సంచిలో ఒక చిన్న యంత్రం తెచ్చాడు. టీవీ రిమోటంత ఉంటుంది. దాని మీద వరుసగా అయిదు లైట్లు, ఆకుపచ్చతో మొదలై ఎరుపుతో ముగుస్తాయి. టీవీలో దయ్యాల పరిశోధన చేసేవారు పట్టుకు తిరిగే కె-టూ మీటరు అదేనట. చీకటి పడ్డాక వాడు దాన్ని పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. నా శ్రీమతి కూర్చునే పడక్కుర్చీ దగ్గర ఎర్ర లైటు వెలిగింది.

"తాతయ్యా, మామ్మ ఇక్కడే ఉందేమో!" అన్నాడు.

ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఉన్నమాట చెప్పాలంటే, ఒక్క క్షణం నేనూ ఆ కుర్చీ వంక చూశాను. తరువాత ఇన్నేళ్ళు ఫైళ్ళు తిప్పిన బుర్ర మేల్కొంది. ఆ గోడకు అవతలివైపు కరెంటు మీటరు బోర్డు ఉంది. మెయిన్ ఆపించాను, లైటు ఆరింది. వేయించాను, వెలిగింది. మూడుసార్లు చేసి చూశాము. వాడు నవ్వుకుని పడుకున్నాడు. నాకే నిద్ర పట్టలేదు. నన్ను కూడా క్షణంపాటు నమ్మించిన ఇటువంటి వస్తువుల పుట్టుపూర్వోత్తరాలు ఏమిటా అని వాడున్న నాలుగు రోజులూ వెతికించాను.

ఆ మీటరు దయ్యాల కోసం తయారైనది కాదు. ఇళ్ళలో వైర్లు, విద్యుత్ పరికరాల చుట్టూ ఉండే విద్యుదయస్కాంత క్షేత్రాన్ని చూపడానికి చేసినది. పక్కన సెల్‌ఫోను ఉన్నా వెలుగుతుంది. అంటే వస్తువు అసలుదే, చేసే పనీ సక్రమమే. దానికి తగిలించిన కథ మాత్రం వేరే చోట పుట్టింది.

ఆఫీసుకు ఏదైనా వస్తువు వస్తే మనం ఏం చేసేవాళ్ళం? ఎవరు తెచ్చారు, ఎవరు పుచ్చుకున్నారు, ఏ తేదీ, సంతకం ఏది అని చూసి రిజిస్టరులో ఎక్కించేవాళ్ళం. ఈ లెక్కన 'డిబ్బుక్ పెట్టె'ను చూడండి. యూదుల జానపద విశ్వాసాల్లో డిబ్బుక్ అంటే మనిషిని పట్టే చచ్చిపోయినవారి ఆత్మ. 2003లో అమెరికాలో కెవిన్ మానిస్ అనే వ్యక్తి ఒక పాత చెక్క బీరువాను ఈబే అనే ఇంటర్నెట్ వేలంలో పెట్టాడు. నాజీల మారణకాండ నుండి బయటపడ్డ ఒక వృద్ధురాలు స్పెయిన్ నుండి తెచ్చుకున్నదనీ, అందులో ఆత్మ ఉందనీ కథ జోడించాడు. దాని ఆధారంగా 2012లో హాలీవుడ్ సినిమా వచ్చింది. ఆ ఊహతోనే 2017లో మలయాళంలో 'ఎజ్రా', 2021లో హిందీలో 'డిబ్బుక్' వచ్చాయి. పెట్టె చివరకు 'ఘోస్ట్ అడ్వెంచర్స్' అనే టీవీ కార్యక్రమం నడిపే జాక్ బేగన్స్ లాస్ వేగాస్ మ్యూజియానికి చేరింది. కెనీ బిడిల్ అనే పరిశోధకుడు దాన్ని పరిశీలించి, అది న్యూయార్కులో తయారైన మద్యం సీసాల బీరువా అని తేల్చాడు. 2021లో మానిస్ కూడా కథంతా తానే అల్లానని ఒప్పుకున్నాడు. పద్దెనిమిదేళ్ళలో ఎన్ని చేతులు మారినా రశీదు అడిగినవారు బహు తక్కువ!

బ్రిటన్లో 'మోస్ట్ హాంటెడ్' కార్యక్రమంలో డెరెక్ అకోరా అనే ఆయనకు ఆత్మలు పూనేవి. ఆ బృందంలోనే ఉన్న సియరన్ ఓకీఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త క్రీడ్ కేఫర్ అనే లేని జైలరు పేరు కల్పించి ఆయన చెవిన పడేటట్టు చేశాడు. షూటింగులో ఆ జైలరు ఆత్మే పూనింది! ఆ పేరులోని ఇంగ్లీషు అక్షరాలను తిరగేసి పేరిస్తే 'డెరెక్ ఫేకర్', అంటే మోసగాడు డెరెక్ అని వస్తుంది. 2005లో ఇది పత్రికలకెక్కింది. ప్రసారాలను నియంత్రించే ఆఫ్‌కామ్ సంస్థ అదే ఏడాది, ఆ కార్యక్రమం వినోదమే గాని నిజమైన పరిశోధన కాదని తేల్చి ఊరుకుంది.

మన దేశంలో 2008 మార్చిలో ఇండియా టీవీలో జరిగినది మరీ విడ్డూరం. మంత్రంతో మనిషిని చంపగలనన్న సురీందర్ శర్మ అనే తాంత్రికుడిని హేతువాది సనల్ ఎడమరుకు నన్ను చంపి చూపించండని సవాలు చేశాడు. గంటల తరబడి మంత్రాలు, నెమలీకలు, పిండిబొమ్మ, ఆవాలు. అన్నీ అసలు సరుకులే. సనల్ నవ్వుతూ కూర్చున్నాడు.

అంతకు చాలా ముందే, 1963లో, శ్రీలంకలో డాక్టర్ కోవూరు లక్ష రూపాయల పందెం ప్రకటించాడు. సీలు వేసిన కవరులోని నోటు నెంబరు చదవడం అందులో ఒక పరీక్ష. గుమాస్తాకు నచ్చే పరీక్ష! ఆ లక్ష ఎవరూ గెలవలేదు. ఇటు గోరాగారు 1940లో ముదునూరులో స్థాపించి, 1947లో విజయవాడకు మార్చిన నాస్తిక కేంద్రం వారు నిప్పులమీద నడిచి చూపేవారు. కత్తికి మందార రేకుల రసం పూసి నిమ్మకాయ కోస్తే 'రక్తం' కారుతుందని ఇప్పుడు బడిపిల్లలకూ తెలుసు.

మాకు ఇది 1979లో తెలిసింది. మాకు తెలిసినవారింట్లో గేదెలు వరుసగా చచ్చిపోతే ఒక భూతవైద్యుణ్ణి పిలిపించారు. అతను పెరట్లో తవ్వించి మూతికి గుడ్డ కట్టిన ముంత తీశాడు. లోపల మేకులు, వెంట్రుకలు, బొమ్మ. పాతికేళ్ళ కిందట దాయాదులు పాతిపెట్టిందన్నాడు. అందరూ హడలిపోయారు. నా శ్రీమతి ఒక్కతే ముందుకు వంగి, బొమ్మకు చుట్టిన కాగితం చూసి, "ఏమండీ, ఇది ఈ ఏడాది క్యాలెండరు ముక్క కదా?" అంది. శక్తి కాగితాన్ని కూడా మార్చగలదని అతను జవాబిచ్చాడు. ఇల్లాలి గాజులు తాకట్టు పెట్టి ఇచ్చిన డబ్బు తిరిగి రాలేదు. అంతకంటె బాధ, ఏ పాపమూ ఎరుగని ఆ దాయాదుల గుమ్మం ఎవరూ తొక్కలేదు. అన్నదమ్ముల పిల్లలు ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళకుండానే పెద్దవాళ్ళయ్యారు. టీవీలో చూసేవి వినోదమే కదా అని మావాడు అన్నప్పుడు ఈ సంగతే వాడికి చెప్పాను.

మనం బ్రతికే ఉన్నామని ఏటేటా సర్టిఫికెట్ ఇస్తేనే పింఛను వస్తోంది. దయ్యాలకే ఏ కాగితమూ అక్కర్లేదు కాబోలు.

మీటరు మావాడు ఇక్కడే వదిలి వెళ్ళాడు. మొన్న వెల్ల వేయించాక ఆమె ఫోటో మళ్ళీ తగిలించవలసి వచ్చింది. ఫ్యాను వేసి, మీటరు గోడకు ఆనించి, వైరు ఎటు పోతోందో చూసుకుని, లైటు వెలగని చోట మేకు కొట్టాను.