ఆడియోమెట్రిక్ అసిస్టెంట్

వినికిడి పరీక్షల్లో ఆడియాలజిస్టుకు తోడ్పడే తొలి మెట్టు ఉద్యోగి. 2006-07లో మొదలైన జాతీయ బధిరత్వ నివారణ, నియంత్రణ కార్యక్రమం జిల్లా స్థాయిలో ఈ కొలువుకు చోటిచ్చింది. ఇంటర్ తర్వాత ఏడాదిపాటు చదివే డీహెచ్ఎల్ఎస్ (హియరింగ్, లాంగ్వేజ్ అండ్ స్పీచ్) డిప్లొమా ఇందుకు ఒక దారి. దాన్ని భారత పునరావాస మండలి గుర్తిస్తుంది.

చప్పుడు చొరని గదిలో రోగికి హెడ్‌ఫోన్లు పెట్టి, 250 నుంచి 8,000 హెర్ట్‌జ్ వరకు ఒక్కో స్వరాన్నీ తగ్గిస్తూ పెంచుతూ, వినబడిన అతి తక్కువ స్థాయిని ఆడియోగ్రామ్ అనే పటంపై గుర్తించడం ప్రధాన విధి. రోగనిర్ధారణ మాత్రం ఈ ఉద్యోగి పని కాదు. స్వరం వినబడగానే చెయ్యెత్తడానికి తడబడే ముసలివారితో, బెదిరే పిల్లలతో ఓపిక పట్టడమే ఇందులో అసలు నేర్పు.

వికారాబాద్ ప్రాంతంలో ఈ పనికి ప్రత్యేక అవసరం ఉంది. అనంతగిరి కొండల్లో పాత క్షయ ఆసుపత్రి ఉంది. క్షయకు దశాబ్దాలపాటు వాడిన స్ట్రెప్టోమైసిన్, కనామైసిన్ సూదిమందులు లోపలి చెవిని దెబ్బతీయగలవు. ముందుగా పోయేది హెచ్చు స్వరాల వినికిడి. మాటలు వినిపిస్తూనే ఉంటాయి కనుక రోగికి తెలియదు, ఆడియోగ్రామ్ పట్టిస్తుంది. తాండూరులో నాపరాయి కోత, పాలిష్ యంత్రాల రొద మరో ముప్పు. కర్మాగారాల నిబంధనల ప్రకారం 8 గంటల పనికి హద్దు 90 డెసిబెళ్లు. రొదకు చచ్చిన వినికిడి కణాలు మళ్లీ పుట్టవు. రాతి పనివారు చెవిలో హోరు మొదలైన నాడే పరీక్షకు వెళ్లాలి.