తిరుత్తంగల్ నుంచి కుర్తాళానికి ఒక పగటి యాత్ర

ఆరోగ్యం కోసం నీళ్ళను వెతుక్కుంటూ పోయే అలవాటు ఐరోపావారికి పూర్వం నుంచీ ఉన్నది. బెల్జియం దేశంలో స్పా అనే ఊరు ఒకటి ఉంది. ఆ ఊరి ఊటనీటికి ఎంత పేరు వచ్చిందంటే, అటువంటి ఊళ్ళన్నిటికీ అదే సామాన్యనామం అయిపోయింది. నేటి చెక్ దేశంలోని కార్లోవీ వారీ కూడ వేడినీటి ఊటలకు ప్రసిద్ధి. అక్కడ 1857లో లుడ్విగ్ మోజర్ అనే ఆయన గాజుపాత్రలపై చెక్కడపుపని ప్రారంభించగా, 1893లో గాజు కొలిమి కూడ వెలిసింది. ఆ ఊరికి పోయినవారు ఉదయం ఊటనీరు తాగి, మధ్యాహ్నం గాజు కార్ఖానా చూసి వస్తారు. నీరూ నిప్పూ ఒక్కచోటనే కనిపిస్తాయన్నమాట.

మనము కాపురమున్న ఈ విరుదునగర్ ప్రాంతంలో అటువంటి యాత్ర చేయవచ్చునా అని మాలో ఒకనాడు చర్చ వచ్చింది. చేయవచ్చును. అయితే ఇక్కడ నీరొకచోట, నిప్పొకచోట. నడుమ సుమారు 100 కిలోమీటర్ల దారి. నిప్పు తిరుత్తంగల్, శివకాశి, కోవిల్పట్టి వైపున ఉంటే, నీరు పడమటి కొండల అడుగున కుర్తాళంలో ఉన్నది. ఈ రెండింటినీ వేరు చేసినది ఒకే పర్వతశ్రేణి కావడం మా యాత్రలో తెలిసివచ్చిన ముఖ్యవిషయం. గత ఆషాఢంలో నాలుగు కుటుంబాలవారం ఒక వ్యాను మాట్లాడుకొని, తెల్లవారుజామున బయలుదేరాము.

మొదట తిరుత్తంగల్ కొండ ఎక్కి నిన్రనారాయణ పెరుమాళ్ళ దర్శనం చేసుకున్నాము. నూట ఎనిమిది దివ్యదేశాలలో ఇది ఒకటి. స్వామి నిలుచున్న భంగిమలో ఉంటాడు గనుక ఆ పేరు. ఈ ఊరు 2021లో శివకాశి నగరపాలక సంస్థలో కలిసిపోయింది గాని, చరిత్రలో శివకాశి కంటె దీనికే పెద్దపేరు. సంగకాలపు కవులలో తంగాల్ అనే ఊరిపేరును తమ పేరులో చేర్చుకున్నవారు ఉన్నారు. వారిలో ఒకరు పొర్కొల్లనార్, అనగా కంసాలి. నిప్పుతో పనిచేసేవాడు కవిత్వం కూడ చెప్పినాడన్నమాట. శిలప్పదికారంలోనూ ఈ ఊరి ప్రసక్తి ఉన్నది. నేరం చేయకుండా చెరసాల పాలైన వార్తికుడనే బ్రాహ్మణునికి, పాండ్యరాజు తన తప్పు తెలుసుకొని, ఈ ఊరిని దానం చేసినట్లు ఆ కావ్యం చెబుతున్నది.

కొండ దిగి ఊరి వెలుపల ఒక చిన్న అగ్గిపెట్టెల కార్ఖానాకు పోయాము. పెద్ద యంత్రాలు లేవు. పొడవాటి రేకుల కొట్టం, పక్కన ఎండబెట్టే ఆవరణ, అంతే. కేరళ నుంచి వచ్చిన మెత్తని కర్రను పుల్లలుగా చీల్చి, గాడులున్న చట్టాలలో ఒకదానికొకటి తగలకుండా అమరుస్తారు. ఆ చట్టాన్ని ముందు కరిగిన మైనంలోనూ, తరువాత మందులోనూ ముంచుతారు. మైనం వల్ల మంట పుల్లకు పాకుతుంది. మందులో పొటాషియం క్లోరేటు, గంధకము, జిగురు ఉంటాయి. వాటితోపాటు గాజుపొడి కూడ ఉంటుందని విని మా పిల్లలు ఆశ్చర్యపోయారు. పెట్టె పక్కన పూసే ఎర్రభాస్వరంలోనూ గాజుపొడి కలుస్తుంది. గాజు గాజును రాచినప్పుడు పుట్టే వేడికే భాస్వరం అంటుకుంటుంది. ఈ విధమైన నిరపాయపు అగ్గిపుల్ల స్వీడన్ దేశంలో 1844లో పాష్ అనే శాస్త్రజ్ఞుని ఆలోచనగా మొదలై, 1855 నాటికి లుండ్‌స్ట్రోమ్ సోదరుల చేతిలో వాడుకకు వచ్చింది. మన గాజు కార్ఖానా ఇంత చిన్నది, పుల్ల మొనమీద నిలిచేటంత!

ఆ విద్య ఇక్కడికి ఎట్లా వచ్చింది? 1923లో శివకాశి నుంచి అయ్యనాడారు, షణ్ముగనాడారు అనే ఇద్దరు దాయాదులు కలకత్తాకు పోయి అగ్గిపెట్టెల తయారీ నేర్చుకొని వచ్చారు. పెట్టెమీద రంగుల చీటీ కావలసివచ్చింది, దానికోసం అచ్చుయంత్రాలు వచ్చాయి. మందు కలపడం తెలిసినవారు బాణసంచా చేయసాగారు. ఇట్లా ఒక పరిశ్రమ కడుపున మరి రెండు పుట్టాయి. మన తెలుగునాట గోడలకు వేలాడే తిథివారనక్షత్రాల కాలెండర్లు ఎన్నో శివకాశిలో అచ్చయినవే.

ఈ పనికి ఈ చోటే ఎందుకు తగినది? కారణం ఇక్కడి ఎండ. నైరృతి రుతుపవనం అరేబియా సముద్రం నుంచి నీరు మోసుకొని వచ్చి పడమటి కనుమల ఆవలి వాలుమీద కుమ్మరిస్తుంది. కొండలు దాటి ఈవలికి వచ్చేసరికి మబ్బులో తడి తరిగిపోతుంది. అందువల్ల ఈ నేల వానచాటు నేల అయింది. ఐప్పసి, కార్తికమాసాలలో వచ్చే ఈశాన్యపు వానలే దీనికి దిక్కు. సాగుకు శాపమైన ఆ పొడిగాలే పుల్ల ఆరడానికి, మందు చెడకుండా ఉండడానికి వరమైనది. నీళ్ళు లేని ఊరు నీళ్ళు లేకపోవడంతోనే బ్రతకడం నేర్చుకున్నది.

ఆ బ్రతుకు ఖరీదు కూడ చెప్పుకోవాలి. చాలాకాలం ఈ చట్టాలు నింపినవి, పెట్టెలు అతికించినవి పసిపిల్లల వేళ్ళు. 1986లో బాలకార్మిక నిషేధ చట్టం వచ్చింది. శివకాశి పిల్లల విషయమై ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెబుతూ, పనిలో పెట్టుకున్న ఒక్కొక్క బిడ్డకు యజమాని 20,000 రూపాయలు సంక్షేమనిధికి చెల్లించాలన్నది. బాణసంచా కొట్టాలలో ప్రమాదాలు మాత్రం ఆగలేదు. 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టిలో ఒక్క ప్రేలుడులోనే సుమారు 40 మంది మరణించారు. అగ్గిపెట్టె ధర 2007లో అర్ధరూపాయి నుంచి రూపాయి అయింది. మళ్ళీ పెరిగి రెండు రూపాయలు కావడానికి 2021 డిసెంబరు దాకా పట్టింది. ఆ పద్నాలుగేండ్లలో కర్ర, మైనం, భాస్వరం ధరలు ఏమైనవో గృహిణులకు వేరే చెప్పనక్కరలేదు.

మేము మాలో మాట్లాడుకోవడం విని, పెట్టెలు నింపుతున్న ఒక అవ్వ తల ఎత్తి, “మీదే ఊరు నాయనా?” అని తెలుగులో అడిగింది. యాస వేరు, మాట మనదే. ఆమెది కోవిల్పట్టి వైపు పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడుతుందట. “చదవడం వచ్చునా అవ్వా?” అంటే నవ్వి, “అరవమే కొంచెం వచ్చు. మన మాటకు రాత కూడ ఉందా?” అన్నది. మాలో ఎవరమూ వెంటనే బదులు చెప్పలేకపోయాము.

ఆమె పూర్వులు ఎప్పుడు వచ్చి ఉంటారు? విజయనగర రాజుల కాలంలోనూ, 1529లో విశ్వనాథనాయకుడు మదురలో పాలన ప్రారంభించిన తరువాతనూ తెలుగువారు గుంపులు గుంపులుగా దక్షిణానికి వచ్చారు. నాయకరాజులు దేశాన్ని 72 పాళెములుగా విభజించినట్లు ప్రసిద్ధి. నదీతీరపు మాగాణి అంతకుముందే ఇతరుల చేతిలో ఉన్నందున, మనవారిలో చాలామంది ఈ మెట్టనేలలో నిలిచారు. నల్లరేగడిలో పత్తి, జొన్న పండించడం వారికి పుట్టినింటి విద్య. నల్లనేలకు భూశాస్త్రజ్ఞులు వాడే ‘రేగర్’ అనే మాట మన రేగడ నుంచి పుట్టినదే. ఈ వలసకథను కోవిల్పట్టి దగ్గరి ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ అనే నవలగా 1976లో వ్రాశారు. దాని తరువాతి భాగానికి 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021లో కీర్తిశేషులైన ఆయన ఇంటిభాష తెలుగు, వ్రాసినది తమిళం.

అటునుంచి శ్రీవిల్లిపుత్తూరు చేరాము. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద చదివినవారికి ఇది కొత్త ఊరు కాదు. విష్ణుచిత్తుడు, గోదాదేవి నడచిన వీధులు ఇవే. తిరుమలనాయకుని మహలు ఒకటి ఇక్కడ కూడ ఉన్నది. తరువాత రాజపాళయం. విజయనగర కాలంలో వచ్చిన రాజులు ఇక్కడ స్థిరపడి, 1936లో నూలుమిల్లు స్థాపించి ఊరిని పారిశ్రామిక కేంద్రం చేశారు. 1949 నుంచి 1952 వరకు మదరాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి. ఎస్. కుమారస్వామి రాజాగారు ఈ ఊరివారే.

రాజపాళయం దాటిన తరువాత కుడివైపు కొండలు దగ్గరపడుతూ వచ్చాయి. తెన్‌కాశి చేరేసరికి గాలి మారిపోయింది. ముఖానికి సన్నని తుంపర తగిలింది. దీనిని ఇక్కడివారు ‘సారల్’ అంటారు. సెంగోట దగ్గర పడమటి కనుమలలో ఒక సందు ఉన్నది. ఆవలివైపు ఆగిపోవలసిన రుతుపవనం ఆ సందుగుండా ఈవలికి దూరి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా కుర్తాళాన్ని తడుపుతుంది. మన ఊరికి మూసుకున్న తలుపు ఇక్కడ ఓరగా తెరచి ఉన్నదని చెప్పవచ్చు.

పెద్ద జలపాతం సుమారు 60 మీటర్ల ఎత్తునుంచి దిగుతుంది. అయితే తిన్నగా నెత్తిన పడదు. నడుమ ‘పొంగుమాకడల్’ అనే రాతిగుండంలో పడి, పొంగి, వేగం తగ్గించుకొని క్రిందికి వస్తుంది. అందువల్లనే మనిషి దాని క్రింద నిలబడగలుగుతున్నాడు. ఈ చిత్రానది పోయి తామ్రపర్ణిలో కలుస్తుంది. అడవిలో మూలికలను ఒరసుకొని వచ్చే నీరు గనుక రోగాలు పోతాయని జనుల విశ్వాసం. నూనె పట్టించుకొని ఆ ధార క్రింద కొంతసేపు నిలిచినవారికి ఒళ్ళు తేలికపడుతుందన్నది మాత్రం మా అనుభవం. కాని నీటిని కూడ తేలికగా చూడరాదు. 2024 మే 17న పాత కుర్తాళం జలపాతంలో హఠాత్తుగా వచ్చిన వరదకు ఒక బాలుడు బలి అయినాడు.

కుర్తాళనాథుని ఆలయం శంఖాకారంలో ఉంటుంది. నటరాజుని పంచసభలలో చిత్రసభ ఇక్కడిదే. అక్కడ స్వామి గోడమీది చిత్రరూపంలో పూజలందుకుంటాడు. ఈ క్షేత్రంమీద 18వ శతాబ్దిలో త్రికూట రాసప్ప కవిరాయరు ‘కుర్తాల కురవంజి’ రచించారు. మెచ్చి ఆయనకు భూమి ఇచ్చినవాడు మదుర నాయకరాజు విజయరంగ చొక్కనాథుడు. ఆ రాజే స్వయంగా శ్రీరంగ మాహాత్మ్యం మొదలైన వచనగ్రంథాలను తెలుగులో వ్రాశాడు. తాను తెలుగులో వ్రాస్తూ, తమిళకవికి మాన్యమిచ్చిన ఆ ప్రభువు నడవడి ప్రవాసాంధ్రులమైన మనకు మిక్కిలి ఆదర్శప్రాయమైనది.

తరువాత కంపెనీ దొరల కాలం వచ్చింది. 19వ శతాబ్ది ఆరంభంలో వారు ఇక్కడ జాజికాయ, లవంగ తోటలు వేయించారు. వానకాలంలో తిరునెల్వేలి అధికారులు ఇక్కడ విడిది చేసేవారు. తిరువాన్కూరు మహారాజులకు కూడ ఇక్కడ ఒక మందిరం ఉన్నది. ఇట్లా రాజులకు, దొరలకు ఆరోగ్యస్థానమైన ఊరిలో తెలుగువాని ముద్ర మరొకటి సిద్ధేశ్వరీపీఠం. 20వ శతాబ్ది తొలి దశకాలలో దీనిని స్థాపించిన మౌనస్వామి ఆంధ్రదేశంలో పుట్టినవారు. తరువాతి కాలంలో ఆ పీఠమెక్కిన సిద్ధేశ్వరానంద భారతి పూర్వాశ్రమంలో ప్రసాదరాయ కులపతి అనే తెలుగుకవి. పీఠం ఆవరణలో తెలుగుమాటలు వినిపించినప్పుడు మా పెద్దవారి ముఖాలు వికసించాయి.

సాయంకాలం తిరుగుప్రయాణంలో మాటలన్నీ ఆ అవ్వ ప్రశ్నచుట్టే తిరిగాయి. ఆమె తెలుగు అయిదు వందల యేండ్లు నోటిమీదనే బ్రతికి వచ్చింది. ఆమె పల్లెకు దాపుననే ఎట్టయపురంలో, సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో తెలుగులిపిలో అచ్చయినది. సంగీతలోకమంతా శిరసావహించే గ్రంథం అది. అంటే రాత ఈ నేలకు వచ్చింది, సంస్థానంలో వెలిగింది, కాని పుల్లలు పేర్చే చేతికి అందలేదు. ఆ చేతికి పలకా బలపం ఇవ్వవలసిన వయస్సులో చట్టం ఇచ్చారు. భాష పోయిందని ఆ బీదవారిని నిందించడం న్యాయం కాదు. ఉద్యోగాలకు, వ్యాపారాలకు నిన్నమొన్న వచ్చి, చదువూ తీరికా ఉండి కూడ మన పిల్లలకు అక్షరాలు నేర్పకపోతే మనకు ఏ సాకు ఉన్నది?

కనుక మా మనవి ఇది. కుర్తాళానికి పోయే కుటుంబాలు దారిలో ఒక్క పూట అగ్గిపెట్టెల కార్ఖానాలో కూడ ఆగండి. పిల్లలను వెంట తీసుకొని పోండి. అక్కడ పనిచేసే అమ్మలతో తెలుగులో మాట్లాడండి, వారి మాటలు వ్రాసుకోండి. మన సంఘం ఆదివారపు తెలుగుతరగతికి వారి మనుమలు కూడ రావడానికి బస్సు ఖర్చు మనమే పెట్టుకోగలిగితే, అది ఈ సంవత్సరానికి చాలినంత పని. అవ్వకు ఇవ్వలేకపోయిన జవాబు అట్లా అయినా చేరుతుంది. మన మాటకు రాత ఉన్నది, అది ఆమెది కూడ.