పాత్ర ప్రవేశం – పరిచయపత్రం

పాత్రను ప్రవేశపెట్టే పద్ధతి ఆయా కాలాల సమాజ మర్యాదలను అనుసరించి మారుతూ వచ్చింది. సంస్కృత నాటకంలో ప్రస్తావన రాబోయే పాత్రను సూచిస్తుంది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ ప్రవేశ దరువుతో తానెవరో తానే చెప్పుకుంటుంది. ఆ పరిచయాన్ని ప్రేక్షకుడు శంకించడు. పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల సాహిత్యంలో ఈ బాధ్యత తరచు విజిటింగ్ కార్డుపై పడింది. ఆ కార్డును ఎంతవరకు నమ్మవచ్చునన్న ప్రశ్న రచయితలకు కథావస్తువయింది.

విక్టోరియా యుగంలో సంపన్న గృహానికి వెళ్ళినవారు ముందుగా తమ కార్డును లోపలికి పంపేవారు. సేవకుడు దానిని పళ్ళెంలో ఉంచి యజమానికి అందించేవాడు. దర్శనం ఇవ్వాలా వద్దా అన్నది ఆ పేరు చదివిన తరువాతే నిర్ణయమయ్యేది. ఆర్థర్ కానన్ డాయిల్ 1890 నాటి నవల ‘ద సైన్ ఆఫ్ ఫోర్’లో మేరీ మోర్‌స్టన్ కంటే ముందు ఆమె కార్డు ఇత్తడి పళ్ళెంలో షెర్లాక్ హోమ్స్ గదికి చేరుతుంది. అక్కడ కార్డు నిజమే చెబుతుంది.

1895లో లండన్‌లో ప్రదర్శితమైన ఆస్కార్ వైల్డ్ నాటకం ‘ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్’ ఈ మర్యాదను తలకిందులు చేసింది. జాక్ నగరంలో ఎర్నెస్ట్ అనే పేరుతో చలామణి అవుతాడు. అది తన పేరు కాదని చెప్పుకున్నప్పుడు, మిత్రుడు ఆల్జర్నన్ అతని కార్డునే రుజువుగా చూపి ఆట పట్టిస్తాడు. తరువాత అదే కార్డుతో, జాక్ తమ్ముడినంటూ అతని పల్లె ఇంటికి చేరుతాడు. చివరకు సైనికాధికారుల జాబితా తిరగేస్తే జాక్ అసలు పేరు ఎర్నెస్టేనని తేలుతుంది.

డాయిల్ 1904లో ప్రచురించిన మిల్వర్టన్ కథలో కార్డు మరింత గడుసుది. పేరు, హాంప్‌స్టెడ్ చిరునామా, వృత్తి స్థానంలో ‘ఏజెంటు’ అన్న ఒక్క మాట. ఆ ఏజెంటు చేసే పని, పరుల రహస్య లేఖలు సంపాదించి, వారిని బెదిరించి డబ్బు గుంజడం.

బ్రిటిష్ అధికారులతో కార్డు సంప్రదాయం భారతదేశానికీ వచ్చింది. కొత్తగా వచ్చిన అధికారి తోటివారి బంగళాలకు వెళ్ళి కార్డులు ఇచ్చి రావడం ఆచారమయింది. బెంగాలీ అపరాధ పరిశోధక సాహిత్యం ఇటువంటి పరిచయ చిహ్నాలను తనదైన రీతిలో వాడుకుంది. శరదిందు బందోపాధ్యాయ ‘సత్యాన్వేషి’ కథలో బ్యోమకేశ్ బక్షీ కలకత్తా మెస్సులో మారుపేరుతో ప్రవేశిస్తాడు. నేరస్థుడు పట్టుబడిన తరువాతే, అతని ఇంటి ద్వారం పక్కనున్న ఇత్తడి ఫలకంపై అసలు పేరు, దానితోపాటు ‘సత్యాన్వేషి’ అన్న మాట కనిపిస్తాయి. డిటెక్టివ్ అన్న పిలుపు నచ్చక అతడు ఎంచుకున్న మాట అది. 1965లో ‘సందేశ్’ పత్రికలో సత్యజిత్ రాయ్ ప్రవేశపెట్టిన ఫెలూదా ఇంటివారికి ఫెలూయే. కార్డుపై మాత్రం ప్రదోష్ సి. మిత్తర్, ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్.

ఈ రచనలలో కార్డు పాత్ర ఇచ్చుకునే వాంగ్మూలం. విచారణ దాని తరువాతే మొదలవుతుంది.