ఉప్పుడు బియ్యం చెప్పిన పాఠం

అన్నానికీ బుద్ధికీ గల సంబంధాన్ని మన పెద్దలు అనుభవంతో గ్రహించారు. దానిని వైద్యులు పరిశోధించి తెలుసుకున్న కథలో కొన్ని ముఖ్య ఘట్టాలు మనం నివసిస్తున్న ఈ మలేసియాలోనే జరిగాయి. ఆ కథలో మన పూర్వీకుల కంచానికీ చోటున్నది.

విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల నుండి మన పూర్వీకులు ఒప్పందపు కూలీలుగా, కంగాణీల వెంట మలయా తోటలకు వచ్చిన కాలంలో బెరిబెరి అనే వ్యాధి ఇక్కడ వేలాది ప్రాణాలను బలిగొన్నది. కాళ్ళు తిమ్మిరెక్కి, నడక తడబడి, చివరకు గుండె బలహీనపడేది. మరపట్టిన తెల్ల బియ్యం తినే చీనా కూలీలలో అది విస్తారంగా ఉండగా, దక్షిణ భారత కూలీలలో అరుదుగా కనిపించేది. మనవారు తిన్నది ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని పొట్టుతోనే నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, ఆపై దంచుతారు. ఉడికేటప్పుడు తవుడులోని సారం గింజ లోపలికి చేరుతుంది.

1905 చివర కౌలాలంపూర్ మానసిక చికిత్సాలయంలో విలియం ఫ్లెచర్ అనే వైద్యుడు రోగులను రెండు పంక్తులుగా విభజించాడు. ఏడాది ముగిసేసరికి తెల్ల బియ్యం తిన్న పంక్తిలో 18 మంది బెరిబెరితో మరణించారు. ఉప్పుడు బియ్యం తిన్న పంక్తిలో ఆ వ్యాధితో ఒక్కరూ మరణించలేదు. తరువాత ఫ్రేజర్, స్టాంటన్ అనే పరిశోధకులు మరలో పోతున్న పైపొరలోనే రక్షణ ఉన్నదని చూపారు. ఆ సారానికే నేడు థయమిన్ అని పేరు. దానిని 1936లో ప్రయోగశాలలో తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ మన నెల్లూరులో జన్మించినవాడే.

మెదడు శరీరపు బరువులో సుమారు యాభైవ వంతే అయినా, విశ్రాంతి వేళ శరీరం వాడే శక్తిలో దాదాపు ఐదవ వంతు దానికే కావాలి. అన్నాన్ని ఆ శక్తిగా మార్చడానికి థయమిన్ తప్పనిసరి. అది కొరవడినవారిలో చిరాకు, మతిమరుపు, ఏకాగ్రత లేకపోవడం మొదలవుతాయి. అలసిన కూలీని సోమరి అని నిందించిన దొరలు అతని కంచంలోకి తొంగిచూడలేదు.

జపానువారి పాలనలో, 1942 నుండి 1945 వరకు, బియ్యం కరువై తోటల ప్రజలు కర్రపెండలంతో కడుపు నింపుకున్నారు. సయాం రైలుమార్గానికి తరలించబడిన వేలాది తమిళ, తెలుగు కూలీలలో ఎందరో తిరిగి రాలేదు. ఆకలి, కలరా, మలేరియాలతో పాటు బెరిబెరి కూడా వారిని కబళించింది. ఒకనాడు మనవారిని కాపాడిన గింజ ఆనాడు వారికి దక్కలేదు.

తరువాత చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే మన ఇళ్ళలో ఉప్పుడు బియ్యం పేదరికపు గుర్తుగా మారింది. తెల్లని అన్నం గౌరవమైంది. తెల్ల అన్నం తినడం దోషం కాదు. దానితో పప్పు, వేరుశెనగ, నువ్వులు, కూరలు ఉండాలి. గంజి వార్చి పారబోస్తే సారమూ దానితో పోతుంది.

తరగతిలో కునికే పిల్లవానిని మందలించే ముందు, ఉదయం ఏమి తిన్నాడో అడగమని మేము తోటి ఉపాధ్యాయులకు చెప్పేవారము. పెద్దల మాట చద్దన్నం మూట అన్నారు. తల్లిదండ్రులారా, ఆ మూటలో ఏమున్నదో మన పిల్లలకు చెబుదాం, తినిపిద్దాం కూడా.