టైగర్స్ ఆ ట్రేడ్‌లో మోసపోయిందా?

ఫ్రెండ్స్, బేస్‌బాల్ ఫ్యాన్స్ మధ్య ఇప్పటికీ తెగని పంచాయితీ ఇది. 1987 ఆగస్టులో డెట్రాయిట్ టైగర్స్ టైటిల్ రేసులో ఉంది. అర్జెంటుగా ఒక పిచర్ కావాలి. పిచర్ అంటే మన బౌలర్ లాంటివాడు. అట్లాంటా బ్రేవ్స్ నుంచి 36 ఏళ్ల డాయల్ అలెగ్జాండర్‌ని తెచ్చుకుంది. బదులుగా చిన్న లీగులో ఆడుతున్న 20 ఏళ్ల సొంత రాష్ట్రం కుర్రాడు జాన్ స్మోల్ట్స్‌ని ఇచ్చేసింది.

అలెగ్జాండర్ 9 గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు. టొరంటో కంటే 2 మ్యాచ్‌లు ముందు నిలిచి టైగర్స్ డివిజన్ కొట్టింది. ప్లేఆఫ్స్‌లో మాత్రం అతను ఆడిన రెండూ పోయాయి. మరి స్మోల్ట్స్? 213 విజయాలు, 1996లో సై యంగ్ అవార్డు, 2015లో హాల్ ఆఫ్ ఫేమ్!

అందరూ టైగర్స్‌ని తిడతారు. నేను తిట్టను. ఆ ఏడాది చిన్న లీగులో స్మోల్ట్స్ గెలిచినవి 4, ఓడినవి 10. 2015 లెక్క చేతిలో పెట్టుకుని 1987కి మార్కులు వేయడం చాలా ఈజీ. ఆ రోజు ఆ కుర్చీలో మీరుంటే ఏం చేసేవారు?