దిగేవాడికి గాలి

మెట్ట కృష్ణాలో గాలి చెడిన చోటికి మనిషి దిగాల్సిన అవసరం మొదట పాతర్లలోనూ బావుల్లోనూ వచ్చింది. నందిగామ, జగ్గయ్యపేట వైపు చేలల్లో జొన్న విరివిగా పండిన రోజుల్లో ఏడాది తిండిగింజలను నేలలో తవ్విన పాతరలో పోసి, చుట్టూ గడ్డి పరిచి, నోటిని మట్టితో మూసేవారు. మూత పడ్డాక గింజ ఊరుకోదు. అది కూడా ఊపిరి తీస్తుంది. లోపలి ఆక్సిజన్‌ను వాడుకుని, పాత పాఠ్యపుస్తకాలు బొగ్గుపులుసు వాయువు అని రాసిన కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. పాతరలో పురుగు బతకకపోవడానికి, గింజ నిలవ ఉండడానికి కారణం అదే. తెరిచీ తెరవగానే దిగినవాడు తిరిగి రాకపోవడానికీ కారణం అదే. అందువల్ల పాతర నోరు తెరిచి కొంతసేపు ఆవిరి పోనిచ్చి, ఆపైన దీపం దించి, అది నిలిస్తేనే మనిషిని దించడం ఆనవాయితీ అయింది.

బావి సంగతి ఇంకా చిక్కు. కృష్ణ ఒడ్డున ఉన్న చెవిటికల్లు లాంటి ఊళ్లకు ఏటి నీళ్లున్నాయి. ఒడ్డు వదిలి మెట్టకు ఎక్కేకొద్దీ తాగడానికైనా తోటకైనా బావే దిక్కు. ఎండాకాలం నీళ్లు అడుగంటాక పూడిక తీయడానికి మనుషులు దిగుతారు. అడుగున కుళ్లిన ఆకూ అలమూ వదిలిన వాయువు గాలి కదలని గుంటలో అలాగే పేరుకుని ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు, తనంతట తాను పైకి రాదు. తాడుకు లాంతరు కట్టి దించి చూడడం, ఆకులున్న కొమ్మను కిందికీ పైకీ ఆడించడం, పైనుంచి బిందెలతో నీళ్లు కుమ్మరించి గాలిని కదిలించడం, ఇవన్నీ పూడిక తీసేవారికి తెలిసిన ఉపాయాలే. వాటిలో మూఢనమ్మకం ఏమీ లేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. అది 16-17 శాతానికి పడిపోయేసరికి దీపం ఆరిపోతుంది, మనిషికి ఇంకా స్పృహ ఉంటుంది. 10 శాతం కన్నా తగ్గితే మనిషి పడిపోతాడు. అంటే దీపం మనిషికన్నా ముందే ఆరుతుంది. ఆ కాస్త తేడా మీదే తరతరాలు బతికాయి.

అయితే దీపానికి తెలియనివి మూడున్నాయి. కార్బన్ మోనాక్సైడ్ ఉన్నచోట దీపం నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. గాలిలో ఒక్క శాతం ఉన్నా నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది కాని, పది లక్షల్లో వంద పాళ్లు దాటేసరికి ముక్కే మొద్దుబారుతుంది. వాసన పోయింది కాబట్టి ప్రమాదం పోయిందనుకుని దిగినవారు చాలామంది. మూడోది మీథేన్. అది తగిన పాళ్లలో ఉన్నచోట దీపం దించితే పేలుడే.

మోటలు పోయి ఆయిల్ ఇంజన్లు వచ్చిన కాలంలో ఈ మూడింటిలో మొదటిదైన కార్బన్ మోనాక్సైడ్ బావిలోకే వచ్చింది. పంపు ఎంత గట్టిదైనా నీటిని పైకి పీల్చగలిగేది వాస్తవంలో ఏడెనిమిది మీటర్లే. అందుకని నీటిమట్టం దిగేకొద్దీ ఇంజన్‌ను కూడా బావిలో కట్టిన దిమ్మె మీదికి దించాల్సి వచ్చేది. దాని పొగ బావిలోనే నిండేది. ఇంజన్ ఆగిపోయిందని చూడబోయిన రైతుకు లాంతరు పరీక్ష ఉపయోగపడదు, ఎందుకంటే అక్కడ దీపం ఆరదు. కరెంటు మోటార్లు, ఆ తర్వాత బోరులో దించే సబ్‌మెర్సిబుల్ పంపులు వచ్చాకే రైతు బావి దిగడం తగ్గింది. మెట్ట వ్యవసాయంలో ఈ ప్రాణాపాయాన్ని తగ్గించింది భద్రతా ప్రచారం కన్నా మోటారేనని చెప్పడం న్యాయం.

గాలి పరీక్ష ఒక విద్య, గాలిని వెంట తీసుకెళ్లడం వేరే విద్య. రెండోది పడమటి దేశాల్లో మంటల దగ్గరా, నీటి అడుగునా, గనుల్లోనూ పెరిగింది. ప్రష్యాలో గనుల అధికారిగా పనిచేసిన అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ 18వ శతాబ్దం చివర్లోనే గనివారి కోసం శ్వాస పరికరం ఒకటి తయారుచేశాడు. ఇంగ్లాండ్‌లో చార్లెస్ డీన్ 1823లో పొగలోకి వెళ్లే హెల్మెట్‌కు పేటెంట్ తీసుకున్నాడు. తోలు గొట్టం, బయట కొలిమితిత్తి, తిత్తి ఊదే మనిషి, ఇంతే దాని సరంజామా. అదే కొద్ది మార్పులతో నీటిలో మునిగేవారి హెల్మెట్ అయింది. అగస్టస్ సీబే 1837 ప్రాంతంలో దాన్ని పూర్తి దుస్తుగా మార్చాడు. బయటి నుంచి గొట్టంలో గాలి పంపే నేటి పరికరాల పూర్వీకుల్లో ఈ తిత్తి ఒకటి.

గొట్టం చేరని చోటికి గాలిని వీపున మోసుకెళ్లాలి. హెన్రీ ఫ్లూస్ 1878లో చేసిన పరికరంలో ఆక్సిజన్ సీసా ఒకటి, వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే క్షారం ఒకటి ఉండేవి. 1880లో ఇంగ్లాండ్‌లోని సీహామ్ బొగ్గుగని పేలుడు తర్వాత దాన్ని గనిలో వాడారు. 1906 మార్చి 10న ఫ్రాన్స్‌లోని కురియేర్ గనిలో 1,099 మంది చనిపోయినప్పుడు జర్మనీ నుంచి శ్వాస పరికరాలతో రెస్క్యూ బృందం వచ్చింది. ఆ దుర్ఘటన తర్వాత గని ఉన్నచోట రెస్క్యూ స్టేషన్ కూడా ఉండాలన్న వాదం బలపడింది. దానికి పదేళ్ల ముందే, 1896లో, బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ గని పేలుళ్లలో ఎక్కువమంది పేలుడు దెబ్బకు కాక, ఆ తర్వాత మిగిలిన కార్బన్ మోనాక్సైడ్‌కు చనిపోతున్నారని చూపించాడు. దీపానికి తెలియని వాయువును కనిపెట్టడానికి కానరీ పిట్టలను వాడమన్నదీ ఆయనే. బ్రిటన్ గనుల్లో ఆ పిట్టల కొలువు 1986 దాకా సాగింది.

తెలుగు నేలలో ఈ విద్యకు ఇల్లు సింగరేణి బొగ్గు గనులు. ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైంది, ఆ ఏడే నిజాం రైలుమార్గం ఖమ్మం, మధిర, కొండపల్లి మీదుగా బెజవాడ చేరింది. బొగ్గు గనిలో గాలి ఎప్పుడూ అనుమానమే. మీథేన్ ఊరుతుంది, బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకుంటుంది, రాజుకున్న చోట కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఈ అనుమానానికి గనుల చట్టాలు ఒక వ్యవస్థను జవాబుగా ఇచ్చాయి. 1985 నాటి గనుల రెస్క్యూ నియమాల ప్రకారం రెస్క్యూ స్టేషన్లు, అక్కడ శిక్షణ పొందిన మనుషులు, వారికి క్రమం తప్పని సాధన, పరికరాలకు క్రమం తప్పని పరీక్ష ఉండితీరాలి. రామగుండం రెస్క్యూ స్టేషన్ ఆ బాపతు. బృందం గనిలోకి వెళ్లేముందు మంచి గాలి ఉన్నచోట ఒక స్థావరం పెడుతుంది. అక్కడ మరో బృందం పరికరాలతో సిద్ధంగా కూర్చునే ఉంటుంది. లోపలికి వెళ్లినవారు ఒంటరిగా పోరు, విడిపోరు. ఎవరి సీసాలో గాలి అందరికన్నా తక్కువ ఉందో అతన్ని బట్టే అందరూ వెనక్కి తిరుగుతారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కూలి 8 మంది చిక్కుకున్నప్పుడు సింగరేణి రెస్క్యూ బృందాలను పిలిపించారు. బొగ్గుకు సంబంధం లేని చోటికి కూడా వారినే పిలవాల్సి రావడం గమనించదగ్గది.

ప్రమాదంలో తప్పించుకోవడానికి గని కార్మికుడి నడుముకు ఉండే సెల్ఫ్ రెస్క్యూయర్ గురించి ఒక మాట. వడపోత రకం కార్బన్ మోనాక్సైడ్‌ను మార్చి కార్బన్ డయాక్సైడ్ చేస్తుందే కాని ఆక్సిజన్ ఇవ్వదు. ఆక్సిజన్ లేని చోట అది అలంకారమే. ముక్కుకు కట్టుకునే మాస్కులకూ, డబ్బా తగిలించిన గ్యాస్ మాస్కులకూ ఇదే పరిమితి. వడపోసేది వేరు, గాలిని అందించేది వేరు. ఈ తేడా తెలియక మాస్కు పెట్టుకుని ట్యాంకు దిగేవారు నేటికీ ఉన్నారు.

నేల మీది కర్మాగారాలకు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లో దారి చూపింది. ట్యాంకు, గుంట, గొట్టం, పొగమార్గం లాంటి మూసిన చోట ప్రమాదకర వాయువు ఉండే అవకాశం ఉంటే ముందు దాన్ని బయటికి పంపే ప్రయత్నాలన్నీ చేయాలంది. ఆపైన రెండింటిలో ఒకటి ఉంటేనే మనిషి దిగాలంది. అర్హుడైన వ్యక్తి స్వయంగా పరీక్షించి దిగవచ్చని రాసిచ్చిన పత్రం ఒకటి. లేదంటే దిగేవాడికి శ్వాస పరికరం, నడుముకు బెల్టు, బెల్టుకు తాడు, ఆ తాడు రెండో కొస బయట నిలబడ్డ మనిషి చేతిలో. లాంతరు దించిన పెద్దల తాడు చట్టంలోకి వచ్చింది, ఈసారి మనిషి నడుముకు.

బెజవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం తొలి యూనిట్ 1979లో మొదలైంది. సున్నపురాయి పుణ్యమా అని 1980ల నుంచి జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు పరిశ్రమ పెరిగింది. బొగ్గు కాల్చే ప్రతి చోటా గని ప్రమాదమే వేరే రూపంలో ఉంటుంది. బొగ్గుపొడి నిలవ తొట్టి లోలోపల వేడెక్కితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. మంట రాకుండా తొట్టిలోకి జడవాయువు పంపితే ఆక్సిజన్ పోతుంది. మరమ్మతుకు మిల్లులోకో సైలోలోకో దిగేవాడికి ఈ రెండూ కంటికి కనిపించవు.

అలాంటి చోట వాడే శ్వాస పరికరాలు మూడు రకాలు. మొదటిది తాజా గాలి గొట్టం. ఊదే యంత్రం లేకుండా మనిషే పీల్చుకోవాలంటే తొమ్మిది మీటర్లకు మించి పనికిరాదు, ఛాతీకి అంత బలం లేదు. రెండోది కంప్రెసర్ నుంచి సన్నని గొట్టంలో వచ్చే ఎయిర్‌లైన్. అమెరికా ప్రమాణం దాని పొడవును 300 అడుగులకు పరిమితం చేసింది. గంటల తరబడి పనిచేయవచ్చు కాని, గొట్టం తెగితే అంతే సంగతులు. అందుకే ప్రాణాపాయం ఉన్నచోట నడుముకు కొన్ని నిమిషాల గాలి ఉన్న చిన్న సీసా తప్పనిసరి. మూడోది వీపున మోసే సిలిండర్. ఆరు లీటర్ల సీసాలో 300 బార్ ఒత్తిడితో నింపితే 1,800 లీటర్ల గాలి. నిమిషానికి 40 లీటర్ల చొప్పున లెక్కలో అది 45 నిమిషాలు. కంగారుపడి రొప్పేవాడికి అందులో సగమూ రాదు. ఒత్తిడి 50-55 బార్‌కు పడితే ఈల మోగుతుంది, అది మోగాక బయలుదేరడం ఆలస్యమే. ఈ పరికరాలకు మన దేశంలో ఐఎస్ 10245 ప్రమాణం ఉంది.

అందించే గాలి మంచిదా అన్నది అందరూ మరచిపోయే ప్రశ్న. కంప్రెసర్ నోరు డీజిల్ జనరేటర్ పక్కనో లారీ పొగ దగ్గరో ఉంటే, ఆ పొగే గొట్టంలోంచి మాస్కులోకి వస్తుంది. కంప్రెసర్ వేడెక్కితే అందులోని నూనె మాడి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఊపిరికి పంపే గాలిలో ఆక్సిజన్ 19.5 నుంచి 23.5 శాతం మధ్య, కార్బన్ మోనాక్సైడ్ పది లక్షలకు 10 పాళ్ల లోపు ఉండాలని అమెరికా నియమం. అన్నిటికన్నా దారుణమైన పొరపాటు, ఫ్యాక్టరీలో పక్కపక్కనే ఉండే గొట్టాల్లో గాలికి బదులు నైట్రోజన్‌కు మాస్కును తగిలించడం. నైట్రోజన్ ఉక్కిరిబిక్కిరి చేయదు. రెండు మూడు ఊపిర్లలో మనిషి మాట లేకుండా ఒరిగిపోతాడు. 1992-2002 మధ్య అమెరికాలో నైట్రోజన్ వల్ల 80 మంది చనిపోయారని అక్కడి రసాయన ప్రమాదాల దర్యాప్తు బోర్డు 2003లో ప్రకటించింది. ఊపిరి గాలి గొట్టం కొస ఇంకే గొట్టానికీ పట్టకుండా వేరే ఆకారంలో ఉండాలన్న నియమం ఇలాంటి చావుల నుంచే వచ్చింది.

చట్టం ఉండీ, పరికరం ఉండీ, తెలుగు రాష్ట్రాల్లో చావులు ఎక్కడ జరిగాయో చూస్తే గని నుంచి దూరంగా కనిపిస్తాయి. 2016 ఆగస్టులో హైదరాబాద్ మాదాపూర్ మ్యాన్‌హోల్‌లో నలుగురు, 2017 మార్చి 30న పశ్చిమ గోదావరి మొగల్తూరు మండలంలో ఆక్వా ప్లాంటు ట్యాంకు శుభ్రం చేస్తూ అయిదుగురు, 2018 ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర మొరంలో కోళ్ల హేచరీ మురుగు గుంతలో ఏడుగురు, అదే ఏడు జూలై 12న తాడిపత్రి ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు పోయారు. మొరంలో ముందు దిగినవారిని కాపాడబోయి దిగినవారూ మృతుల్లో ఉన్నారు. ఇది అన్ని దేశాల్లో జరిగేదే. మూసిన చోట్ల చనిపోయేవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవారేనని అమెరికాలో వృత్తి భద్రతా సంస్థ నియోష్ 1986లో హెచ్చరించింది.

మురుగులోకి మనిషిని దించడం మీద దీర్ఘకాలం పోరాడిన బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆయన ఆధ్వర్యంలోని సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న మురుగు చావు ఒక్కింటికి 10 లక్షల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న మరో కేసులో దాన్ని 30 లక్షలు చేసింది. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దించడం నేరం. హైదరాబాద్ జలమండలి 2017లో సన్న సందుల్లో తిరిగే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను పనిలో పెట్టింది. మనిషి అసలు దిగకుండా చేసే ఇలాంటి యంత్రమే ఏ మాస్కుకన్నా మేలు.

గనికి రెస్క్యూ స్టేషన్ ఉంది. ఊరి బావికి, పంచాయతీ మురుగు గుంతకు, రొయ్యల ప్లాంటు ట్యాంకుకు అలాంటిది లేదు. శ్వాస పరికరాలతో వచ్చేది అగ్నిమాపక దళమే. లోపల ఒకరు కూలిపోతే వెంటనే 101కి ఫోన్ చేయాలి. పైనుంచి బ్లోయర్‌తో గాలి పంపాలి, తాడు ఉంటే లాగాలి. పరికరం తొడుక్కున్నవారు వచ్చేదాకా రెండో మనిషి దిగకూడదు.